ఉరుము ఉరిమి మంగలం మీద

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మనవాళ్లు ఏనాడో అన్నారు. తెలియనిదానికి ఎవరూ బాధ్యులు కారనే అర్థం కూడా అందులో ఉందని అనుకుంటాం. కానీ మన భాషలోనే ఇంకో సామెత ఉంది, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డదని. మంగలం అంటే ఈ తరం వాళ్లకి తెలియకపోవచ్చు. పేలాలు వేయించుకునే కుండ పెంకు అది. వంటింటి వస్తువు. ఊళ్లో అన్ని చెట్లూ గోపురాలూ ఉండగా, ఎక్కడో ఆకాశంలో పుట్టిన ఉరుము పొయ్యి పక్కన బోర్లించి ఉన్న మంగలాన్నే వెతుక్కుంటూ ఎందుకొస్తుంది? వానకి ఎవరూ బాధ్యులు కారనే మాటకీ, చివరికి ఎవరో ఒకరి మీద పడి తీరే నిందకీ మధ్య ఏం జరుగుతుందన్నది నన్ను కొన్నేళ్లుగా తొలుస్తున్న ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు ఎదురైంది పొలంలోనూ కాదు, తుఫాను పునరావాస కేంద్రంలోనూ కాదు. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో దగ్గరున్న డిస్నీ వరల్డ్‌లో. ఈ మాట చెప్పగానే ఒక స్నేహితురాలు నవ్వేసింది. "విహారయాత్రలో వాన పడితే దానికి తత్వశాస్త్రం ఎందుకు? గొడుగు చాలదూ!" అంది. ఆ గొడుగు గుర్తుపెట్టుకుని సంచీలో పెట్టినదెవరన్నదే నా సందేహం. వంటిల్లు గురించి, కానుపు గురించి, ఆఫీసు గురించి మన రచయిత్రులు చాలా రాశారు. సెలవు గురించి తక్కువ రాశాం. సెలవంటే పని లేకపోవడం అనే నిర్వచనాన్ని మనం కూడా అంతగా ప్రశ్నించకుండా ఒప్పుకున్నామేమో. కుటుంబంలో ఒకరి సెలవు ఇంకొకరి పనితో తయారవుతుంది. ఆ పని కనపడితే సెలవు సెలవులా అనిపించదు కనక అది కనపడకుండా జరగాలి.

ముందు ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి. డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న తెరుచుకుంది. ఇప్పుడు సుమారు 25 వేల ఎకరాల్లో ఉంది. నాలుగు పెద్ద పార్కులు, రెండు నీటి పార్కులు, లెక్కలేనన్ని హోటళ్లు. అరవైల్లో వాల్ట్ డిస్నీ మనుషులు ఆ భూమి ధర పెరిగిపోకుండా వేరే వేరే కంపెనీల పేర్లతో గుట్టుగా కొన్నారు. చలికాలంలో మంచు పడదు, ఏడాది పొడవునా తెరిచి ఉంచవచ్చు అన్నది ఫ్లోరిడాకి ఉన్న ఆకర్షణల్లో ఒకటి. అంటే వాతావరణం చూసుకునే అక్కడ కట్టారు. అయితే ఫ్లోరిడా ఒక ద్వీపకల్పం. ఎండాకాలంలో నేల వేడెక్కగానే తూర్పున అట్లాంటిక్ వైపు నుంచీ, పడమట మెక్సికో సింధుశాఖ వైపు నుంచీ సముద్రపు గాలులు లోపలికి వస్తాయి. రెండూ నడిమధ్యన ఢీకొంటాయి. ఆ తేమగాలి పైకి లేచి మధ్యాహ్నానికల్లా నల్లటి మబ్బు అవుతుంది. అమెరికాలో పిడుగులు అతి ఎక్కువగా పడే ప్రాంతాల్లో ఈ మధ్య ఫ్లోరిడా ఒకటి. మే నెల చివరి నుంచి అక్టోబరు దాకా, ఉదయం పది గంటలకి మాడు మాడిపోయే ఎండ కాస్తుంది. మూడింటికి ఆకాశం విరుచుకుపడుతుంది. అయిదింటికి మళ్లీ ఎండ. ఇది ఇంచుమించు రోజూ జరుగుతుంది. ఏ రోజు, ఏ గంటకి, ఏ పార్కు మీద అన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు.

బడులకి సెలవులిచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఇండియా నుంచి అమ్మమ్మలూ నాయనమ్మలూ ఆరునెలల వీసాతో వచ్చేదీ ఎక్కువగా అప్పుడే. అందుకని జూన్, జులై నెలల్లో అక్కడ ఏ వరసలో నిలబడినా తెలుగు వినపడుతుంది. చీర మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకుని, నెత్తిన పిల్లల టోపీ పెట్టుకుని నడవలేక నడుస్తున్న మన ఆడవాళ్లు కనపడతారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని. 2019 జులైలో అట్లాంటాలో ఉన్న మా అమ్మాయి కుటుంబంతో కలిసి వెళ్లాను. అమ్మాయి, అల్లుడు, తొమ్మిదేళ్ల మనవడు, అయిదేళ్ల మనవరాలు, మా వియ్యపురాలు, నేను. కారులో ఏడు గంటల ప్రయాణం.

ఆ ప్రయాణానికి మా అమ్మాయి నాలుగు నెలల ముందు నుంచీ పని చేసింది. "పని" అనే మాట ఆలోచించే వాడుతున్నాను. ఏ రోజు ఏ పార్కు, ఏ ఆటకి ఎన్నింటికి ముందస్తు సమయం తీసుకోవాలి, అత్తగారి మోకాళ్లకి వీల్‌చైర్ ఎక్కడ అద్దెకిస్తారు, చిన్నదాని ఎత్తు ఏ ఆటకి సరిపోతుంది, ఏ ఆటలు పైకప్పు కింద ఉన్నాయి, ఏవి ఆరుబయట ఉన్నాయి. వాన వస్తే వేసుకోవడానికి డాలర్ షాపులో ఆరు ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు కొంది. తడిస్తే మార్చడానికి పిల్లలకి రెండేసి జతలు, మేజోళ్లు, ఫోన్లు పెట్టుకోవడానికి జిప్ ఉన్న కవర్లు, ఎండకి పూసుకునే క్రీము, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మకాయ నీళ్లు. హోటల్ గదిలో అన్నం వండడానికి రైస్ కుక్కర్, పులిహోర, పెరుగు. అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే, జీతాలూ ఇంచుమించు సమానమే. అల్లుడు మంచివాడు. డబ్బు కట్టాడు, కారు నడిపాడు, బరువులు మోశాడు. కానీ ఆ ఆరుగురి శరీరాలనీ, వాటి మీదికొచ్చే ఆకాశాన్నీ నాలుగు నెలలపాటు తన తలలో మోసింది ఆమె ఒక్కతే.

రెండో రోజు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మూడు కాకముందే ఉరిమింది. ఆరుబయట ఆటలన్నీ ఆపేశారు. ఆపాలి కూడా. ఉరుము వినపడితే లోపలికి వెళ్లాలనీ, చివరి ఉరుము తర్వాత ముప్ఫై నిమిషాలు బయటికి రాకూడదనీ అక్కడి వాతావరణ శాఖ చెబుతుంది. మావాడు పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నది బిగ్ థండర్ మౌంటెన్ అనే కొండ రైలు కోసం. పేరులోనే ఉరుము ఉన్న ఆట ఉరుముకి ఆగిపోయిందంటే నాకు నవ్వొచ్చింది గానీ వాడికి రాలేదు. ఏడుపు లంకించుకున్నాడు. వాణ్ణి చూసి చిన్నదీ మొదలుపెట్టింది. మా వియ్యపురాలు ఒక కొట్టు చూరు కింద వీల్‌చైర్‌లో కూర్చుని "అర్జునా, ఫల్గుణా" అనుకుంటోంది. రెయిన్‌కోట్లు అందరికీ తొడిగి చూస్తే మా అమ్మాయికి లేదు. ఆరోది హోటల్లో చినిగిందట. ఆమె తడుస్తూ ఫోనులో వాన ఎప్పుడు తగ్గుతుందో చూస్తోంది. అప్పుడు అల్లుడు అన్నాడు, కోపంగా కాదు, మామూలుగా, నీళ్లు తుడుచుకుంటూ: "జులైలో ఎందుకు పెట్టావ్? డిసెంబర్‌లో పెట్టుకోవాల్సింది కదా!" వియ్యపురాలు కూడా మెల్లగా, "వానాకాలమని ముందు కనుక్కోవాల్సిందమ్మా" అంది.

జులైలో పెట్టింది పిల్లలకి బడి లేదని. అల్లుడికి సెలవు దొరికింది అప్పుడేనని. అత్తగారి వీసా సెప్టెంబరుతో అయిపోతుందని. ఇవన్నీ అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఆ క్షణంలో అందరి కళ్లూ ఆమెవైపే తిరిగాయి. ఉరుము ఎక్కడ పడాలో అక్కడే పడింది.

ఇందులో ఎవరూ దుర్మార్గులు లేరు. అందుకే దీని గురించి ఆలోచించడం కష్టం. క్రూరత్వాన్ని ఖండించడానికి మనకి కావలసినంత భాష ఉంది. ఇటువంటి మామూలు మాటలకి లేదు.

బానిసగా పుట్టిన గ్రీకు తాత్వికుడు ఎపిక్టెటస్ లోకంలోని సంగతులని రెండుగా విడదీశాడు. మన చేతిలో ఉన్నవి, మన చేతిలో లేనివి. మన చేతిలో లేనివాటి గురించి కలత పడకపోవడమే స్వేచ్ఛ అన్నాడు. వాతావరణం మన చేతిలో లేనివాటికి అందరూ చెప్పే మొదటి ఉదాహరణ. ఎన్నో ఏళ్లు నేను ఈ పాఠాన్ని తరగతిలో ఇష్టంగానే చెప్పాను. ఇప్పుడు చెప్పమంటే ఒక ప్రశ్న కలుపుతాను. చేతిలో లేనిదాని గురించి కలత పడకుండా కూర్చున్న ఆ జ్ఞాని తడిసిన బట్టలు ఎవరు ఆరేస్తున్నారు? మన చేతిలో లేకపోయినా మన పూచీ కిందికి వచ్చేవి కొన్ని ఉంటాయి. పసిపిల్లకి జ్వరం వస్తుందా రాదా అన్నది తల్లి చేతిలో లేదు, వస్తే జవాబు చెప్పేది ఆమె. కూర చవి చుట్టాల నాలిక మీద ఆధారపడినా జవాబు ఆమెదే. గీత కూడా కర్మ చెయ్యి, ఫలం సంగతి వదిలెయ్యి అంటుంది. ఇల్లు మాత్రం ఆడదాన్ని మొదట అడిగేది ఫలమే.

బెర్నార్డ్ విలియమ్స్ 1976లో నైతిక అదృష్టం గురించి రాసిన వ్యాసంలో ఒక లారీ డ్రైవరు ఉదాహరణ ఇచ్చాడు. అతని తప్పేమీ లేదు, పిల్లవాడు అడ్డంగా వచ్చి లారీ కింద పడ్డాడు. తప్పు లేకపోయినా ఆ డ్రైవరు పడే బాధ పక్కన నిలబడి చూసినవాళ్ల బాధలాంటిది కాదు. అది తన చేతి మీదుగా జరిగింది కనక పడే బాధ. అలాంటి బాధ పడనివాణ్ణి మనం అనుమానంగా చూస్తామని కూడా విలియమ్స్ అంటాడు. నాకు ఆ వ్యాసంలో నచ్చేది ఇంకో చిన్న పరిశీలన. చుట్టూ ఉన్నవాళ్లు ఆ డ్రైవరుని ఓదార్చడానికి వస్తారు, నీ తప్పేం లేదయ్యా అంటారు, అదే న్యాయం. మా అమ్మాయి ముఖంలో కూడా నాకు కనపడింది ఆ రకం బాధే. రోజు ఎంచింది తనే, ఆ రోజు వాన పడింది. పోల్చడానికి చాలా చిన్న సంగతి, ఒప్పుకుంటాను. కానీ ఆమె దగ్గరికి ఓదార్పు రాలేదు, విచారణ వచ్చింది. ప్రమాదవశాత్తు జరిగినదాన్ని ప్రమాదంగా ఒప్పుకునే మర్యాద అందరికీ ఒకేలా దక్కదు. ఎవరికి దక్కుతుంది, ఎవరికి దక్కదు అన్నది నైతిక ప్రశ్న.

మనవైపు ఆడదానికీ వానకీ ముడిపెట్టడం కొత్త కాదు. నెలకి మూడు వానలని ఒక పాత మాట ఉంది. వేదం చదివే బ్రాహ్మడికి ఒక వాన, ధర్మం తప్పని రాజుకి ఒక వాన, పతివ్రతకి ఒక వాన. వినడానికి గౌరవంలా ఉంటుంది. వాన రాని నెల ఏమవుతుందో ఆలోచిస్తే ఆ గౌరవం అసలు రంగు తెలుస్తుంది. పెళ్లి రోజు వాన పడితే పెళ్లికూతురు చిన్నప్పుడు పచ్చి బియ్యం బుక్కి ఉంటుందని ఇప్పటికీ నవ్వుతూ అంటారు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడల్లా నీ పెళ్లికి వాన పడుతుందే అని మా అమ్మ కసిరేది. అన్నయ్య అదే డబ్బాలోంచి గుప్పిళ్లు నింపుకునేవాడు, అతని పెళ్లికి ఎండే కాసింది. ఆకాశం ఎందుకు చెడిందో చెప్పాల్సి వచ్చినప్పుడు దగ్గర్లో ఉన్న ఆడపిల్లని చూపించడం మనకి అలవాటు. ఓర్లాండోలో జరిగింది ఆ అలవాటుకి కొనసాగింపు, అంతే. ఈసారి బియ్యం బదులు క్యాలెండరు.

ఆ వానలో మేం తలదాచుకున్న చోటు గురించి చెప్పకుండా ఉండలేను. కారొసెల్ ఆఫ్ ప్రోగ్రెస్, అంటే ప్రగతి రంగులరాట్నం అన్నమాట. చల్లటి గది, ఇరవై నిమిషాల ప్రదర్శన, వరస తక్కువ. అందుకే వాన పడితే వెళ్లాల్సిన చోట్ల జాబితాలో మా అమ్మాయి దాన్ని ముందే రాసుకుంది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తరఫున, డిస్నీ దాన్ని తయారుచేయించాడు. 1975 నుంచి ఫ్లోరిడాలో ఉంది. ప్రేక్షకులు కూర్చున్న కుర్చీల వలయమే మెల్లగా తిరుగుతుంది, ఒక్కో రంగం ముందు ఆగుతుంది. రంగస్థలం మీద యంత్రాలతో కదిలే బొమ్మల కుటుంబం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మొదలై, కరెంటు సామాన్లు ఒక్కొక్కటే వస్తుండగా ఆ ఇంట్లో జీవితం ఎలా సుఖపడిందో తండ్రి జాన్ మనకి చెబుతుంటాడు. తల్లి శారా పని చేస్తుంటుంది.

మొదటి రంగంలో శారా ఇస్త్రీ చేస్తూ కనపడుతుంది. కొత్త యంత్రం వచ్చాక రెండు రోజులు పట్టే ఉతుకుడు అయిదు గంటల్లో అయిపోతోందని మురిసిపోతుంది. మిగిలిన టైములో హాయిగా పచ్చళ్లు జాడీలకెత్తుకోవడం, పొయ్యి తోముకోవడం లాంటి కాలక్షేపాలన్నమాట, అనేది అక్కడ నవ్వించే జోకు. అందరూ నవ్వారు. ఆరేసిన బట్టలు వాన రాకముందే తీసెయ్యాలని ఆవిడ ఆదుర్దా పడుతుంది. నా నడుము నొప్పి లేవలేదు కనక వాన రాదు అని ఆయన భరోసా ఇస్తాడు. ఉరుము వినపడుతుంది. బయట నిజం ఉరుము, లోపల రికార్డు చేసిన ఉరుము. రెండిటి మధ్యా నేను తడి చీరతో కూర్చున్నాను. యాభై అయిదేళ్ల కిందట ఒక కంపెనీ కరెంటు సామాన్లు అమ్ముకోవడానికి రాయించుకున్న ఆటలో, ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండటం ఎవరి పనో ఏ శంకా లేకుండా రాసి ఉంది. దాని మీద అభిప్రాయం చెప్పడం ఎవరి హక్కో కూడా.

1983లో రూత్ శ్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి ఇంటి యంత్రాల చరిత్ర రాసింది. పుస్తకం పేరే 'మోర్ వర్క్ ఫర్ మదర్', తల్లికి మరింత పని. యంత్రాలు వచ్చాక తగ్గింది ఎక్కువగా మగవాళ్లూ పిల్లలూ చేసే కట్టెలు కొట్టడం, నీళ్లు మోయడం లాంటి పనులనీ, శుభ్రత ప్రమాణాలు పెరిగి ఆడవాళ్ల గంటలు అలాగే ఉండిపోయాయనీ ఆమె వాదన. వాతావరణం చూపించే ఫోను కూడా ఆ వరసలోదే అనిపిస్తుంది నాకు. పూర్వం వాన వస్తే వచ్చింది, అంతే. ఇప్పుడు పావుగంట పావుగంటకీ మబ్బు ఎటు పోతోందో రంగుల్లో చూపిస్తుంది. చూడగలిగే అవకాశం వచ్చాక చూడకపోవడం నేరమైంది. "ముందు కనుక్కోవాల్సిందమ్మా" అన్న మాటకి బలం ఆ ఫోనులోంచే వచ్చింది. జ్ఞానం పెరిగింది, దాంతోపాటు నింద కూడా పెరిగింది. వాన మాత్రం ఇదివరకటిలాగే, తన ఇష్టమొచ్చినప్పుడు పడుతోంది.

చివరి రంగంలో, క్రిస్మస్ రోజున, వంట తండ్రి చేస్తాడు. మాట వినే పొయ్యి ఏదో అంకెని పొరపాటుగా విని వేడి పెంచేస్తుంది, కోడి మాడిపోతుంది. కుటుంబమంతా పగలబడి నవ్వుతుంది. ఆయన చేతిలో మాడితే అది పండగ ముచ్చట. ఇది చూపిద్దామని మా అమ్మాయి వైపు తిరిగాను. ఆమె తడి జుట్టుతో, సంచీ ఒళ్లో పట్టుకుని, నిద్రపోతోంది. ఆ నాలుగు రోజుల్లో పగటిపూట ఆమె కళ్లు మూసుకున్నది ఆ ఇరవై నిమిషాలే. లేపలేదు.

అక్కడున్న నీటి పార్కులు రెండూ వాతావరణం మీద అల్లిన కథలే. 1989లో తెరిచిన టైఫూన్ లగూన్ కథ ప్రకారం ఒక పెనుతుఫాను విహారస్థలాన్ని ధ్వంసం చేసింది. కొండ కొన మీద ఒక రొయ్యల పడవ గుచ్చుకుని ఉంటుంది. 1995లో వచ్చిన బ్లిజర్డ్ బీచ్ కథలో ఫ్లోరిడాలో ఎన్నడూ లేని మంచుతుఫాను వచ్చింది, మంచు ఆటల కోసం కొండలు కట్టారు, ఎండకి అంతా కరిగిపోయింది. గాలివాన కథగా ఉన్నంతసేపూ వినోదం. నిజం పిడుగు దగ్గరికి వస్తే అందరినీ నీళ్లలోంచి బయటికి రమ్మంటారు. నిజం తుఫాను వస్తే పార్కులన్నీ మూసేస్తారు. 1999లో ఫ్లాయిడ్‌కి, 2004లో చార్లీకి, 2017లో ఇర్మాకి, 2022లో ఇయన్‌కి, 2024లో మిల్టన్‌కి అలాగే మూశారు. నేను పెద్ద తుఫాన్లు చూసిన కోస్తా మనిషిని. 1977లో దివిసీమ ఉప్పెన తర్వాత ఏం మిగిలిందో పెద్దవాళ్లు చెబితే విన్నదాన్ని. అందుకేనేమో ఆ కొండ మీది పడవని చూసి ముచ్చటపడటం నాకు చేతకాలేదు. అది వేరే సంగతి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, నా మనసులోనూ వచ్చింది. ఇది డబ్బున్నవాళ్ల గోడు కాదా? వానలో ఆట ఆగిపోవడం ఒక కష్టమా? మేం చూరు కింద నిలబడ్డప్పుడు పసుపు కోటు వేసుకున్న ఒక నడివయసు ఆవిడ దారి మీద నీళ్లు ఊడుస్తూనే ఉంది. ఎండలో అయితే లావుపాటి బొమ్మ దుస్తుల లోపల మనుషులుంటారు, పిల్లలు కౌగలించుకుంటారు. ఆ రాష్ట్రంలోనే 2024లో ఒక చట్టం చేశారు. ఆరుబయట పనిచేసేవాళ్లకి ఎండ నుంచి రక్షణగా నీళ్లు, నీడ, విశ్రాంతి ఇవ్వాలని స్థానిక ప్రభుత్వాలు యజమానుల మీద నియమాలు పెట్టకూడదన్నది ఆ చట్టం. మయామీ ప్రాంతంలో పొలం కూలీలూ కట్టడం కూలీలూ అటువంటి నియమం కోసం పోరాడుతుండగా వచ్చింది. ఇక మనవైపు సంగతి సరే సరి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. మన దగ్గర పిడుగుపాటుకి పోయేవాళ్లు ఎవరో పత్రిక తిరగేసే అందరికీ తెలుసు. నాట్లు వేసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు. ఉరుము వినపడితే లోపలికి వెళ్లమంటే, చుట్టూ కనుచూపు మేర మడి తప్ప ఏమీ లేని చోట లోపల అంటే ఎక్కడ? చెట్టు కిందికి వెళ్లొద్దని ఫోనుకి సందేశం వస్తుంది. ఆ ఫోను గట్టు మీద మూటలో ఉంటుంది.

వీళ్ల బాధనీ మా అమ్మాయి బాధనీ ఒకే తక్కెడలో వేయను. ఒకటి ప్రాణం, ఇంకొకటి మనసు. కానీ పెద్ద బాధని చూపించి చిన్న బాధ నోరు మూయించడం కూడా మనకి బాగా తెలిసిన ఎత్తుగడే. ఇంట్లో ఆడవాళ్లు నోరు తెరిచినప్పుడల్లా "తిండిలేనివాళ్లున్నారు, నీకేం తక్కువ" అంటారు కదా. ఈ రెండిటికీ ఒక పోలిక ఉంది. ఆకాశంలో ఉన్న అనిశ్చితి కిందికి దిగేటప్పుడు తిన్నగా దిగదు. ఎవరి మాటకి విలువ తక్కువో వాళ్లవైపు జారుతుంది. యజమాని కూలీ మీదికి తోస్తాడు, కుటుంబం తల్లి మీదికి తోస్తుంది. తోస్తున్నామని ఇద్దరికీ తెలియకపోవచ్చు.

మరి ముందుచూపు ప్రేమ కాదా అని ఎవరైనా అడిగితే, అవునంటాను. ఆరు రెయిన్‌కోట్లు కొన్న చేతుల్లో ఉన్నది కేవలం భారం అని నేను నమ్మను. సారా రడ్డిక్ 1989లో తల్లుల ఆలోచనా పద్ధతి గురించి రాసిన పుస్తకంలో, పిల్లల ప్రాణాన్ని కాపాడటం అనే సాధన నుంచి ఒక ప్రత్యేకమైన ఆలోచన పుడుతుందని చెప్పింది. ఆ సాధన చేసే ఎవరైనా, మగవాళ్లయినా, ఆ ఆలోచన నేర్చుకోగలరంది. నాకు అది నచ్చింది. అందుకే నేను ఒక గీత గీయాలనుకుంటాను. పిడుగు నుంచి పిల్లల్ని కాపాడటం అక్కడున్న పెద్దలందరి బాధ్యత. తడి బట్టలు మార్చడం కూడా. కానీ నిరాశ నుంచి కాపాడటం? ఆడుకోవాలనుకున్న ఆట దొరకలేదని తొమ్మిదేళ్ల పిల్లవాడికి వచ్చిన దుఃఖం నిజమైన దుఃఖమే. దాన్ని అయిదు నిమిషాల్లో నవ్వుగా మార్చాల్సిన అప్పు ఎవరికి ఉంది? వాన కురిసినంతసేపూ మా అమ్మాయి చేసింది అదే. వాడికి ఒక కథ, చిన్నదానికి ఒక బిస్కత్తు, అత్తగారికి ఒక ఊరడింపు, భర్తకి ఒక నవ్వు. ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే ఆడపిల్లల గురించి రాస్తూ దీన్ని భావశ్రమ అంది. ప్రయాణికుల మనసు బాగుంచడం కోసం తమ మనసుని అణుచుకుని జీతానికి చేసే పని. ఆ పార్కులో ఉద్యోగులని ఉద్యోగులనరు, పాత్రధారులంటారు. వాళ్ల షిఫ్టు రాత్రికి ముగుస్తుంది.

రోజు పాడైపోయిందని ఒప్పుకునే హక్కు గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పాడైన రోజుని పాడైనట్టే వదిలెయ్యడం, దాన్ని బాగుచెయ్యడానికి తన ఒంట్లో మిగిలిన ఆఖరి ఓపిక తియ్యకపోవడం. ఇది బాధ్యత వదిలెయ్యడం కాదని నా వాదన. అందరి సంతోషం ఒకరి పూచీ అయినప్పుడు మిగిలినవాళ్లు తమ నిరాశని తామే మోయడం ఎన్నటికీ నేర్చుకోరు. ముప్ఫై అయిదేళ్ల మగవాడు కూడా వానకి అలిగి భార్య ముఖంలోకి చూస్తాడు. అంత డబ్బు పోసి కొన్న రోజు కనక ఈ హక్కు అక్కడ మరీ కష్టం. వాన పడిందని టికెట్ డబ్బులు ఎవరూ వెనక్కి ఇవ్వరు. ఒక్కో గంటా డాలర్లలోకి మారిపోయి కనపడుతుంది. సంతోషించి తీరాలనే ఒత్తిడి ఏ అత్తగారి ఆజ్ఞకంటే గట్టిగా ఉంటుంది. పూర్వం తిరునాళ్లలో వాన పడితే ఊరంతా కలిసి తడిసేది, దేవుణ్ణి తిట్టుకునేది, ఇంటికి పోయేది. ఆ రోజు సంతోషం ఎవరో ఒకరు ఏర్పాటు చేసింది కాదు కనక, పాడైనా ఎవరి కొంపా మునిగేది కాదు. తిరునాళ్లని నేను పొగడటం లేదు. అక్కడికి వెళ్లాలన్నా ఆడవాళ్లు తెల్లవారుజామునే లేచి వంట చేసి వెళ్లాల్సిందే.

ఈ సంగతులు అల్లుడితో మాట్లాడాలా వద్దా అని నేను తర్జనభర్జన పడ్డాను. మాట్లాడలేదు. మా తరం అత్తగార్లకి అల్లుడి దగ్గర నోరు పెగలదు. అమ్మాయితో మాట్లాడాను, ఆ రాత్రి హోటల్లో, పిల్లలు నిద్రపోయాక. "అంత ఆలోచించకమ్మా, వాళ్లేదో మాటవరసకి అన్నారు" అంది. తర్వాత కాసేపు ఊరుకుని, "రెండో నెల నుంచీ నాకు నిద్రలో కూడా వాన వస్తుందేమోనని కలలొచ్చేవి, తెలుసా" అంది. ఆ రెండు మాటలూ ఆమెవే. మొదటిది నన్ను ఊరడించడానికి.

మూడో రోజు వాన లేదు. మావాడు కొండ రైలు రెండుసార్లు ఎక్కాడు. రాత్రి గదిలో కుక్కర్లో అన్నం వండుకుని పెరుగు కలుపుకుని తింటున్నాం. "రేపు వాన పడుతుందా?" అన్నాడు అల్లుడు, ఎవరినీ చూడకుండా. ఆ ప్రశ్న ఎవరిదో గదిలో అందరికీ తెలుసు. మా అమ్మాయి ఆవకాయ ముక్క కొరుకుతూ, "ఏమో, నాకు తెలీదు" అంది. తింటూనే ఉంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా వియ్యపురాలు నావైపు చూసింది, నేను పళ్లెంలోకి చూశాను. కాసేపటికి అల్లుడు చెయ్యి కడుక్కొచ్చి తన ఫోను తీశాడు. అందులో వాన ఎక్కడ చూడాలో ఆమెనే అడిగాడు.